నీడ గడియారం చేయించుకోవాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

తోటలో ఒక నీడ గడియారం పెట్టాలనో, కొత్త బిల్డింగ్ గోడ మీద ఒకటి వేయించాలనో వచ్చేవాళ్ల సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట రాసి పెట్టాను. పని ఏ దశలో ఉందో దాన్నిబట్టి ప్రశ్నలను విడదీశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. "ముల్లు" అంటే నీడ వేసే భాగం, "పలక" అంటే గంటల గీతలుండే భాగం. లెక్కకు ఉదాహరణ అవసరమైన చోట 17 డిగ్రీల ఉత్తర అక్షాంశాన్ని తీసుకున్నాను. మీ ఊరి అక్షాంశం వేరైతే ఆ అంకెలూ వేరవుతాయి.

## పని మొదలుపెట్టే ముందు

రెడీమేడ్‌గా అందమైనది ఒకటి దొరికింది. అది కొనేస్తే సరిపోదా?

ముందు దాని ముల్లు కోణం కొలవండి. పలకకు, ముల్లు పై అంచుకు మధ్య కోణం మీ ఊరి అక్షాంశంతో సమానంగా ఉండాలి. తర్వాత గీతలు చూడండి. బల్లపరుపుగా పెట్టే పలక మీద గంటల గీతలు గోడ గడియారంలో లాగా సమాన కోణాల్లో ఉన్నాయంటే అది అలంకారానికి చేసిన బొమ్మ, ఏ ఊళ్లోనూ టైమ్ చెప్పదు. గీతల లెక్క సరిగా ఉండి, వేరే అక్షాంశానికి చేసినదైతే మాత్రం దారి ఉంది: రెండు అక్షాంశాల తేడా ఎంతో అంత వాలుగా పెట్టాలి. 45 డిగ్రీలకు చేసినదాన్ని 17 డిగ్రీల చోట వాడాలంటే దక్షిణం వైపు అంచును ఎత్తి 28 డిగ్రీల వాలు ఇవ్వాలి. లెక్క ప్రకారం కరెక్టే, చూడ్డానికి మాత్రం పడిపోబోతున్నట్టు ఉంటుంది.

ఎంత కరెక్ట్‌గా టైమ్ చూపిస్తుంది?

30 సెంటీమీటర్ల పలక బాగా చేస్తే 5 నిమిషాల తేడాలో చదవొచ్చు. పెద్దది, జాగ్రత్తగా నిలబెట్టినది అయితే ఒకటి రెండు నిమిషాలు. అంతకు మించి పోదు. కారణం సూర్యుడే. ఆకాశంలో అతని బింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది, అందుకే నీడ అంచు ఎప్పుడూ కాస్త చెదిరినట్టు ఉంటుంది. ఆ చెదిరిన పట్టీ వెడల్పు కాలంలో చెప్పాలంటే సుమారు 2 నిమిషాలు. ముల్లు అంచు నుంచి నీడ పడే చోటు మీటరు దూరంలో ఉంటే ఆ పట్టీ 9 మిల్లీమీటర్లు ఉంటుంది. సైజు పెంచితే గీతల మధ్య చోటు పెరుగుతుంది, దానితోపాటు మసకా పెరుగుతుంది. జైపూర్ జంతర్ మంతర్‌లోని సమ్రాట్ యంత్రం 27 మీటర్ల ఎత్తు. దాని నీడ సెకనుకు మిల్లీమీటరు చొప్పున కదులుతుంటే కంటికి కనిపిస్తుంది, కానీ అక్కడా నీడ అంచు ఎక్కడుందో తేల్చుకోవడమే కష్టం.

మా చుట్టాలింట్లో ఉన్నది ఫోన్ టైమ్‌తో అరగంట తేడా చూపిస్తోంది. చెడిపోయినట్టా?

చెడిపోవడానికి అందులో కదిలే భాగమే లేదు. రెండు తేడాలు కలిసి అరగంట అయి ఉంటాయి.

మొదటిది రేఖాంశం. దేశమంతటికీ ఒకే టైమ్ పెట్టుకున్నాం, సూర్యుడు మాత్రం ఒక్కో ఊరికి ఒక్కో సమయంలో నడినెత్తికి వస్తాడు. ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు. భారత ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. 78.5 డిగ్రీల దగ్గరున్న ఊరికి 4 డిగ్రీల తేడా, అంటే నీడ గడియారం ఏడాది పొడవునా 16 నిమిషాలు వెనక ఉంటుంది.

రెండోది రోజును బట్టి మారుతుంది. భూమి కక్ష్య దీర్ఘవృత్తం కావడం వల్ల, భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి ఉండడం వల్ల సూర్యుడి రోజు సరిగ్గా 24 గంటలు ఉండదు. ఆ చిన్న తేడాలు పోగై ఫిబ్రవరి 11 ప్రాంతంలో నీడ గడియారం 14 నిమిషాలు వెనకబడుతుంది, నవంబరు 3 ప్రాంతంలో 16 నిమిషాలు ముందుంటుంది. 78.5 డిగ్రీల ఊళ్లో ఫిబ్రవరిలో చూస్తే 30 నిమిషాలు వెనక. అదే గడియారం నవంబరు మొదట్లో ఫోన్‌తో కచ్చితంగా కలుస్తుంది! వేసవిలో గడియారాలు గంట ముందుకు జరిపే దేశాల్లో ఆ గంట అదనం.

వేసవిలో సూర్యుడు నడినెత్తిని దాటి ఉత్తరం వైపుకు వెళ్తాడు కదా, అప్పుడు తప్పు చూపించదా?

చూపించదు. ముల్లు నిలువుగా పాతిన కర్ర అయితే నీడ దిక్కు తారుమారయ్యేది. నీడ గడియారం ముల్లు భూమి అక్షానికి సమాంతరంగా ఉంటుంది, సూర్యుడు రోజూ తిరుగుతున్నట్టు కనిపించేది ఆ అక్షం చుట్టూనే. అందుకే సూర్యుడు ఉత్తరాన ఉన్నా దక్షిణాన ఉన్నా ఒకే గంటకు ముల్లు అంచు నీడ ఒకే గీత మీద పడుతుంది. నీడ పొడవు మాత్రమే మారుతుంది.

మా తోటలో చెట్లెక్కువ. ఎంత ఎండ ఉంటే చాలు?

ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాకా ఎండ పడితే పెట్టినందుకు గిట్టుబాటు అవుతుంది. డిసెంబరులో సూర్యుడి దారి బాగా కిందికి దిగుతుంది. 17 డిగ్రీల అక్షాంశంలో డిసెంబరు మధ్యాహ్నం సూర్యుడు సుమారు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు, ఉదయం సాయంత్రం ఇంకా తక్కువ. మేలో ఎండ బాగా ఉన్న చోటు డిసెంబరులో పక్కింటి నీడలో పడిపోవచ్చు. వీలైతే ఒక చలికాలం చూసి చోటు ఖాయం చేయండి.

వెన్నెల్లో కూడా టైమ్ చెప్తుందా?

పౌర్ణమి రాత్రి ఉజ్జాయింపుగా చెప్తుంది, ఎందుకంటే ఆ రోజు చంద్రుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉంటాడు. తర్వాత రోజుకు సుమారు 48 నిమిషాల చొప్పున వెనకబడుతుంది.

## ఏ రకం ఎంచుకోవాలి

తోటలో దిమ్మె మీద అందరూ పెట్టే బల్లపరుపు రకమే మంచిదా?

అక్షాంశాన్ని బట్టి చెప్పాలి. 45 డిగ్రీల దగ్గర బల్లపరుపు పలక చక్కగా కుదురుతుంది: మధ్యాహ్నం 12 నుంచి 1 గీతకు 10.7 డిగ్రీలు, సాయంత్రం 5 నుంచి 6కు 20.8 డిగ్రీలు. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ గీతలు మధ్యాహ్నం దగ్గర ఇరుక్కుంటాయి. 17 డిగ్రీల దగ్గర 12 నుంచి 1 గీతకు 4.5 డిగ్రీలే, 5 నుంచి 6కు ఏకంగా 42.5 డిగ్రీలు. జనం ఎక్కువగా చూసే వేళలోనే చదవడం కష్టమవుతుంది. అక్కడ గీత ఒక్క డిగ్రీ పక్కకు పడితే 13 నిమిషాల తప్పు. ముల్లు కూడా 17 డిగ్రీలే లేచి, పడుకున్నట్టు కనిపిస్తుంది. తక్కువ అక్షాంశాల వాళ్లు అడిగితే నేను ముందు వేరే రకాలు చూపిస్తాను. బల్లపరుపే కావాలంటే పలక కనీసం 40 సెంటీమీటర్లు ఉండాలని పట్టుబడతాను.

గీతలన్నీ సమానంగా ఉండే రకం ఏదైనా ఉందా? నేనే చేసుకుందామని.

ఉంది, మొదటిసారి చేసేవాళ్లకు అంతకన్నా తేలికైనది లేదు. ముల్లును అక్షాంశం కోణంలో ధ్రువ నక్షత్రం వైపు గురిపెట్టి, దానికి లంబంగా పలక బిగిస్తే గంటకు కచ్చితంగా 15 డిగ్రీల చొప్పున గీతలు వస్తాయి. లెక్కలేవీ అక్కర్లేదు, కోణమానిని చాలు. చిక్కు ఒకటుంది: మార్చి 20 నుంచి సెప్టెంబరు 23 దాకా పలక ఉత్తరం ముఖం మీద ఎండ పడుతుంది, మిగతా ఆరు నెలలు దక్షిణం ముఖం మీద. రెండు వైపులా గీతలు గీయాలి. విషువత్తుల (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుల) ప్రాంతంలో ఎండ పలక అంచుకు సమాంతరంగా పోయి ఏ ముఖం మీదా నీడ సరిగా పడదు. పలక బదులు వెడల్పాటి పట్టీని అర్ధవృత్తంగా వంచి, దాని లోపలి వైపు గంటలు గుర్తిస్తే ఈ బాధ ఉండదు, ఏడాదంతా ఒకే ముఖం మీద చదువుకోవచ్చు. కొత్త ఇంటి ముందు పెట్టడానికి నాకు నచ్చేది ఈ పట్టీ రకమే.

పలక కాస్త వాలుగా ఉండి, గీతలు నిచ్చెన మెట్లలా సమాంతరంగా ఉండే రకం చూశాను. అది మాకు సరిపోతుందా?

తక్కువ అక్షాంశాలకు బాగా సరిపోతుంది. అందులో పలకే భూమి అక్షానికి సమాంతరం. 17 డిగ్రీల చోట ఉత్తరం అంచు 17 డిగ్రీలు లేచి, పుస్తకం పెట్టుకునే పీటలా ఉంటుంది, నిలబడి చదవడానికి హాయి. ముల్లు కూడా పలకకు సమాంతరంగా, కొంత ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు 10 సెంటీమీటర్లు అనుకుంటే 12 గంటల గీత నుంచి 1 గంట గీత 2.7 సెంటీమీటర్లు, 2 గంటలది 5.8, 3ది 10, 4ది 17.3, 5ది 37.3 సెంటీమీటర్ల దూరంలో పడతాయి. ఆరు గంటలకు నీడ అనంతంగా సాగిపోతుంది, కాబట్టి ఉదయం 7 నుంచి సాయంత్రం 5 దాకానే ఉపయోగం.

మనిషి నిలబడితే అతని నీడే టైమ్ చూపించే రకం స్కూలు ఆవరణలో వేయొచ్చా?

పిల్లలకు దీన్ని మించినది లేదు. నేల మీద దీర్ఘవృత్తాకారంలో గంటల గుర్తులు, మధ్యలో నెలల పేర్లతో ఒక పట్టీ. ఆ నెల గుర్తు మీద నిలబడితే మీ నీడ గంట వైపు చూపుతుంది. దీర్ఘవృత్తం సగం పొడవును అక్షాంశపు సైన్ విలువతో గుణిస్తే సగం వెడల్పు వస్తుంది.

అయితే ఉష్ణమండలంలో ఒక చిత్రం జరుగుతుంది. 17 డిగ్రీల దగ్గర సగం పొడవు 3 మీటర్లు తీసుకుంటే సగం వెడల్పు 88 సెంటీమీటర్లే, నెలల పట్టీ మాత్రం మధ్య నుంచి అటూ ఇటూ 1.24 మీటర్లు. జూన్‌లో నిలబడాల్సిన చోటు వృత్తం బయటికి వెళ్లిపోతుంది. పైగా మధ్యాహ్నం నీడ ఒక జానెడే ఉండి గుర్తు దాకా చేరదు. లెక్క తప్పు కాదు, కానీ వేసవి మధ్యాహ్నం పనిచేయదని ముందే తెలిసి వేయించుకోండి. 30 డిగ్రీలు దాటిన చోట్ల ఈ ఇబ్బంది ఉండదు.

మాకు ఎండ పడేది తూర్పు గోడ మీదే. దాని మీద కుదురుతుందా?

కుదురుతుంది. తూర్పు గోడ ఉదయం వేళనే చూపిస్తుంది, పడమర గోడ మధ్యాహ్నం తర్వాతే. గీతలు సమాంతరంగా, అక్షాంశం కోణంలో వాలి ఉంటాయి. రెండు గోడల మీద రెండు వేసి ఒక జంటలా చేసిన ఇళ్లు భలే ఉంటాయి.

దక్షిణం గోడ మీద వేస్తే ఏడాదంతా కనిపిస్తుందా?

ఉష్ణమండలంలో కనిపించదు. 17 డిగ్రీల అక్షాంశంలో సుమారు మే 8 నుంచి ఆగస్టు 5 దాకా మధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపు ఉంటాడు, అన్ని రోజులూ దక్షిణం గోడకు అసలు ఎండే తగలదు. మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఉదయం, సాయంత్రం ఎండ ఉత్తరం గోడకు పడుతుంది. సజ్జ ఉంటే ఇంకా కష్టం. సూర్యుడు బాగా ఎత్తులో ఉండే నెలల్లో సజ్జ నీడ గోడంతా కప్పేస్తుంది. చలికాలం గడియారంగా వేయించుకుంటామంటే అభ్యంతరం లేదు.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాం, తోట లేదు. ఏమైనా చేయొచ్చా?

ఎండ పడే కిటికీ గట్టు మీద 1-2 సెంటీమీటర్ల చిన్న అద్దం బల్లపరుపుగా అంటిస్తే దాని వెలుగు చుక్క సీలింగ్ మీద పడి రోజంతా కదులుతుంది. గంటల గీతలు సీలింగ్ మీద గీసుకోవాలి. అద్దం మట్టంగా ఉండడమే ఇందులో అసలు పని: అద్దం ఒక డిగ్రీ వాలితే వెలుగు రెండు డిగ్రీలు తప్పుతుంది.

## కొలతలు, లెక్కలు

మా స్థలం అక్షాంశం, రేఖాంశం ఎంత వివరంగా కావాలి?

డిగ్రీలో పదో వంతు చాలు. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. ఊళ్లో ఈ వీధిలో పెట్టినా ఆ వీధిలో పెట్టినా తేడా తెలియదు. ఫోన్ మ్యాప్‌లో మీ ఇంటి మీద వేలు నొక్కిపెడితే రెండు అంకెలూ వస్తాయి.

గంటల గీతల కోణాలు నేను లెక్క వేసుకోవచ్చా?

స్కూల్లో నేర్చుకున్న త్రికోణమితి చాలు. బల్లపరుపు పలకకైతే: మధ్యాహ్నం నుంచి గడిచిన గంటలను 15తో గుణించి దాని టాన్ విలువ తీసుకోండి. దాన్ని అక్షాంశపు సైన్‌తో గుణించండి. వచ్చిన విలువకు ఏ కోణపు టాన్ సరిపోతుందో అదే 12 గంటల గీత నుంచి కొలవాల్సిన కోణం. 17 డిగ్రీలకు ఇలా వస్తాయి: 1 గంటకు 4.5, 2కు 9.6, 3కు 16.3, 4కు 26.9, 5కు 47.5, 6కు 90 డిగ్రీలు. ఉదయం 11, 10, 9 వగైరా గంటలకు ఇవే కోణాలు రెండో పక్క. దక్షిణానికి సరిగ్గా తిరిగిన నిలువు గోడకు సైన్ బదులు కొసైన్ వాడాలి.

ఆన్‌లైన్‌లో లెక్క వేసిచ్చే ప్రోగ్రాములున్నాయి. నమ్మొచ్చా?

లెక్క వరకు నమ్మొచ్చు. మీరిచ్చే అంకెల దగ్గరే పొరపాటు జరుగుతుంది, ముఖ్యంగా తూర్పు రేఖాంశానికి ప్లస్ పెట్టాలా మైనస్ పెట్టాలా అన్న చోట. లోహం కోసే ముందు అట్టముక్క మీద ప్రింట్ అతికించి ఒక రోజంతా ఎండలో పెట్టి చూడండి.

ముల్లుకు మందం ఉంటుంది కదా, ఏ అంచు నీడ చూడాలి?

ఉదయం పడమర వైపు అంచు నీడ, మధ్యాహ్నం తర్వాత తూర్పు వైపు అంచు నీడ లెక్కకు వస్తాయి. అందుకే పలకను 12 గంటల గీత దగ్గర రెండుగా చీల్చినట్టు భావించి, మధ్యలో ముల్లు మందమంత ఖాళీ వదలాలి. 8 మిల్లీమీటర్ల ముల్లుకు 12 గంటల గీతలు రెండు, వాటి మధ్య 8 మిల్లీమీటర్లు. నీడ గడియారం చేసినాయనకు పని తెలుసో లేదో చూడాలంటే నేను మొదట ఆ ఖాళీనే వెతుకుతాను.

ముల్లు ఎంత పొడవుండాలి?

ఏడాదిలో ఏ రోజైనా నీడ గంటల అంకెలను తాకాలి. బల్లపరుపు పలకకు ఒక సులువైన కొలత ఉంది: గీతలు మొదలయ్యే బిందువు నుంచి అంకెల వృత్తం దాకా దూరం, ముల్లు వాలు అంచు పొడవులో 0.9 వంతుకు మించకూడదు. అలా ఉంటే ఏ అక్షాంశంలోనైనా, ఏ నెలలోనైనా నీడ చాలకపోవడం అంటూ ఉండదు. మరీ పొడవైతే అందం చెడుతుంది, నీడ అంచూ మసకబారుతుంది.

రేఖాంశం తేడాను గీతల్లోనే కలిపేస్తే ప్రతిసారీ కూడికలు తప్పుతాయి కదా?

కలపొచ్చు. తేడా 16 నిమిషాలైతే ప్రతి గీతనూ 16 నిమిషాలు జరిపిన కాలానికి మళ్లీ లెక్క వేయాలి. గీసిన పలకనే పక్కకు తిప్పేస్తే సరిపోదు, ఎందుకంటే గీతల మధ్య దూరాలు సమానం కావు. సమాన గీతల పట్టీ రకానికి మాత్రం పట్టీని 4 డిగ్రీలు జరిపితే అయిపోతుంది. నా అభిప్రాయం అడిగితే, పదిమంది చూసే భవనం మీద కలపండి. ఇంటి తోటలో వద్దు. కలిపితే 12 గంటల గీత ముల్లు కింద నుంచి పక్కకు జరిగి రెండు వైపుల పోలిక పోతుంది, పైగా అసలు మధ్యాహ్నం ఎప్పుడో చూపించే గుణం కూడా పోతుంది.

రోజును బట్టి మారే నిమిషాల తేడాను ఎలా చూపించాలి?

పలక అంచున ఒక చిన్న వంపు గీతగా చెక్కించడం అన్నిటికన్నా మేలు. అడ్డంగా నెలలు, నిలువుగా నిమిషాలు. గుర్తుంచుకోవాల్సిన తేదీలు ఇవి: ఏప్రిల్ 15, జూన్ 13, సెప్టెంబరు 1, డిసెంబరు 25 ప్రాంతాల్లో తేడా సున్నా. మే మధ్యలో నీడ గడియారం 3-4 నిమిషాలు ముందు, జూలై చివర్లో 6 నిమిషాలకు పైగా వెనక, నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి మధ్యలో 14 నిమిషాలు వెనక. మొత్తాన్ని ఎనిమిది అంకె ఆకారపు వంపుగా 12 గంటల గీత చుట్టూ గీయించడం కూడా ఉంది. పెద్ద గోడ మీద అది చాలా బాగుంటుంది. 30 సెంటీమీటర్ల పలక మీద గజిబిజి అవుతుంది.

మా పాప పుట్టినరోజున మాత్రమే నీడ తాకే గీత పెట్టించొచ్చా?

పెట్టించొచ్చు, చాలామంది అడిగేది ఇదే. దానికి ముల్లు మీద ఒక చిన్న పూస గానీ గాడి గానీ ఉండాలి, దాని నీడ చుక్క ఆ రోజంతా ఒక వంపు గీత వెంబడి నడుస్తుంది. ఒక షరతు ఉంది: సూర్యుడు ఏడాదికి రెండుసార్లు అదే ఎత్తు గుండా వెళ్తాడు. ఏప్రిల్ 20 గీత మీద ఆగస్టు 23 ప్రాంతంలోనూ నీడ నడుస్తుంది. ఒక్క తేదీకే ప్రత్యేకం కావాలంటే జూన్ 21, డిసెంబరు 21 ప్రాంతాల్లో పుట్టి ఉండాలి. అక్కడ కూడా సూర్యుడి ఎత్తు చాలా నెమ్మదిగా మారుతుంది కాబట్టి వారం పది రోజులు చుక్క గీత మీదే ఉన్నట్టు కనిపిస్తుంది. దంపతులిద్దరి తేదీలూ ఒకే గీతకు వచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు వాళ్ల సంబరం చూడాలి.

గోడ సరిగ్గా ఏ దిక్కుకు తిరిగి ఉందో ఎలా కొలవాలి?

ప్లాన్‌లో "దక్షిణం" అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి, నాలుగైదు డిగ్రీల తేడా మామూలే. గోడకు ఆనించి ఒక చెక్కను మట్టంగా పట్టుకోండి. దాని మీదకు బరువు కట్టిన దారం వేలాడదీసి, దారం నీడను పెన్సిల్‌తో గీసి, ఆ క్షణం టైమ్ సెకన్లతో సహా రాసుకోండి. ఆ టైమ్‌కు మీ ఊళ్లో సూర్యుడు ఏ దిక్కున ఉన్నాడో ఖగోళ ప్రోగ్రాము చెప్తుంది. నీడ గీతకు, గోడ అంచుకు మధ్య కోణం కొలిస్తే గోడ దిక్కు తేలుతుంది. ఉదయం, సాయంత్రం మూడు నాలుగు కొలతలు తీసి సగటు వేయండి. పొడవైన గోడైతే ఉపగ్రహ చిత్రం మీద కొలిచి సరిచూసుకోవచ్చు.

## పదార్థం, తయారీ

ఇత్తడా, స్టీలా, రాయా?

మన్నిక గురించి అడిగే ముందు నీడ కనిపిస్తుందా అని అడగాలి. నీడ స్పష్టంగా కనబడాలంటే పలక లేత రంగులో, మెరుపు లేకుండా ఉండాలి. నున్నగా పాలిష్ పట్టిన నల్ల గ్రానైట్ మీద బంగారు గీతలు ఫొటోలో అదిరిపోతాయి. ఎండలో చూస్తే అద్దంలా మెరుస్తుంది, నీడ ఎక్కడో వెతుక్కోవాలి. అదే గ్రానైట్ లేత బూడిద రంగులో, గరుకు ముఖంతో తీసుకుంటే తరాలపాటు ఉంటుంది. పాలరాయి తెల్లగా బాగుంటుంది గానీ కలుషితమైన వానకు మెల్లగా కరిగి గీతలు అరిగిపోతాయి, నాచు పడుతుంది.

లోహాల్లో ఇత్తడి, కంచు చెక్కడానికి అనువైనవి. కొన్నేళ్లకు గోధుమ రంగుకు తిరుగుతాయి, అది చెడిపోవడం కాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ అయితే ఇసుక కొట్టించి మెరుపు తీసేయాలి. సముద్రం దగ్గరైతే 316 రకమే వాడండి, 304 రకానికి ఉప్పుగాలిలో మచ్చలు పడతాయి. 30-40 సెంటీమీటర్ల ఇత్తడి పలకకు 6 మిల్లీమీటర్ల మందం ఉంటే వంగదు.

చెక్కతో చేయొచ్చా?

నమూనాకు సరే. ఎండకూ వానకూ వంగిపోతుంది, వంగిన పలక అబద్ధం చెప్తుంది.

గోడ మీద పెయింట్‌తో వేస్తే ఎన్నాళ్లుంటుంది?

పెయింట్ రకాన్ని బట్టి. సున్నపు గచ్చు తడిగా ఉండగా వేసిన రంగు గానీ, గచ్చులోకి ఇంకి గట్టిపడే సిలికేట్ పెయింట్ గానీ మామూలు ప్లాస్టిక్ ఎమల్షన్ కన్నా చాలా ఎక్కువ కాలం నిలుస్తాయి. రంగుల్లో నలుపు, కావి, పసుపు మట్టి రంగులు ఎండకు వెలిసిపోవు, మెరిసే ఎరుపులు ముందు పోతాయి. ముల్లును పెయింట్ వేయకముందే గోడలో పాతాలి. మామూలు ఇనుప కడ్డీ పెడితే తొలి వానాకాలానికే తుప్పు చారలు బొమ్మ మీదికి దిగుతాయి.

తెలుగు అంకెలు పెట్టించొచ్చా, రోమన్ అంకెలే ఉండాలా?

ఏ అంకెలైనా పెట్టొచ్చు. ౧, ౨, ౩ ల వంపులు చెక్కడానికి రోమన్ గీతల కన్నా శ్రమ, కానీ చూడముచ్చటగా ఉంటాయి. చిన్న పలక మీద ౬, ౯ దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి, సైజు కాస్త పెంచండి. అంకెలు ఏ వైపు నుంచి చదివేలా నిలబెట్టాలో కూడా ముందే తేల్చుకోవాలి: చూసేవాళ్లు మామూలుగా దక్షిణం వైపు నిలబడి చూస్తారు.

ఏదైనా వాక్యం చెక్కించాలనుంది. ఏం రాయించాలి?

పాత ఐరోపా గడియారాల మీద లాటిన్ వాక్యాలు కనిపిస్తాయి. "నిర్మలమైన గంటలనే లెక్కపెడతాను" అనే అర్థమిచ్చేది వాటిలో బాగా ప్రసిద్ధం. మీ ఇంట్లోవాళ్ల మాట ఏదైనా ఉంటే అదే మేలు. మూడు నాలుగు పదాలు దాటితే అక్షరాలు చిన్నవైపోతాయి. ఒత్తులున్న పదాలకు వరుసల మధ్య చోటు ఎక్కువ వదలాలి.

ముల్లును పలకకు ఎలా బిగిస్తారు?

కింద నుంచి స్క్రూలతో, పైకి ఏదీ కనిపించకుండా. పలకలో సన్నని గాడి కోసి ముల్లు అడుగును అందులో కూర్చోబెడితే పక్కకు తిరగదు. వెల్డింగ్ చేస్తే వేడికి పలక వంగుతుంది. ఇత్తడినీ అల్యూమినియంనూ నేరుగా తాకించకండి, తడి తగిలితే అల్యూమినియం తినుకుపోతుంది. మధ్యలో నైలాన్ వాషర్ వేయాలి.

## నిలబెట్టడం

ఫోన్ కంపాస్‌తో ఉత్తరం చూసి పెట్టేయొచ్చా?

వద్దు. కంపాస్ చూపేది అయస్కాంత ఉత్తరం. దానికీ అసలు ఉత్తరానికీ తేడా ఊరిని బట్టి మారుతుంది, కొన్ని దేశాల్లో పది డిగ్రీలు దాటుతుంది. దగ్గర్లో ఇనుప ఊచలో, కారో ఉంటే ఆ తేడా కూడా తోడవుతుంది.

మరి అసలు ఉత్తరం ఎలా కనుక్కోవాలి?

ప్రాచీన ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతంలో త్రిప్రశ్నాధికారం అనే అధ్యాయంలో చెప్పిన శంకువు (నిటారుగా నిలిపే కర్ర) పద్ధతి ఈ రోజుకీ పనికొస్తుంది. మట్టంగా ఉన్న నేల మీద నిటారుగా ఒక శంకువు నిలిపి, దాని మొదలు కేంద్రంగా ఒక వృత్తం గీయండి. ఉదయం నీడ కొస వృత్తం లోపలికి వచ్చే చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత బయటికి వెళ్లే చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే పడమర నుంచి తూర్పుకు గీత. దానికి లంబం ఉత్తర దక్షిణాలు. జూన్, డిసెంబరు నెలల్లో ఇది ఇంకా కచ్చితంగా వస్తుంది, ఎందుకంటే ఆ రోజుల్లో సూర్యుడి దారి ఉదయానికి సాయంత్రానికి మారదు.

తొందరైతే ఇంకో దారి: మీ ఊళ్లో ఆ రోజు అసలు మధ్యాహ్నం ఎన్ని గంటలకో లెక్క వేసుకుని, ఆ నిమిషానికి బరువు కట్టిన దారం నీడను నేల మీద గుర్తు పెట్టండి. 78.5 డిగ్రీల రేఖాంశంలో భారత కాలం ప్రకారం ఫిబ్రవరి 11న అది 12:30. సూర్యుడు నడినెత్తిన ఉండే రోజుల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా నీడ దిక్కు చాలా డిగ్రీలు మారిపోతుంది.

ఇదంతా ఎందుకు, వాచీ చూసుకుంటూ టైమ్ కలిసేదాకా తిప్పి బిగిస్తే పోలా?

ఎక్కువ గడియారాలు పాడయ్యేది సరిగ్గా ఇక్కడే. వాచీకి, సూర్యుడికి మధ్య సహజంగా ఉన్న తేడాను మీరు పలకను వంకరగా తిప్పి కప్పేస్తున్నారు. ఆ ఒక్క గంటకు కలుస్తుంది, తర్వాత రోజంతా తప్పుతుంది. పైగా తిప్పినందువల్ల వచ్చే తప్పు ఏడాదంతా ఒకేలా ఉండదు: 17 డిగ్రీల అక్షాంశంలో ఒక డిగ్రీ తిప్పితే మధ్యాహ్నం వేళ మార్చిలో నిమిషానికి కాస్త పైగా, డిసెంబరులో దాదాపు 3 నిమిషాలు, జూన్‌లో అర నిమిషం ఎదురు దిశలో తప్పుతుంది. ఇలా మారే తప్పును ఏ పట్టికతోనూ సరిదిద్దలేం. వాచీనే వాడాలంటే ముందు రేఖాంశం తేడా, ఆ రోజు తేడా లెక్కగట్టి నీడ ఎంత చూపాలో తేల్చుకోండి, ఆ అంకెకు కలపండి.

దిమ్మె ఎలా కట్టించాలి?

పునాది కదలకూడదు, పై ముఖం మట్టంగా ఉండాలి. దిమ్మె కట్టాక కొన్ని వారాలు ఆగి పలక బిగిస్తే నేల కుంగడం ముందే తేలిపోతుంది. పలక కింద మూడు బోల్టులు పెట్టించుకుంటే మేస్త్రీ వదిలేసిన చిన్న వాలును మీరే సరిచేసుకోవచ్చు. ఎత్తు 90 సెంటీమీటర్ల దగ్గర ఉంటే పెద్దవాళ్లకు వంగకుండా కనిపిస్తుంది. ముల్లు కొనను మాత్రం గుండ్రంగా చేయించండి, ఆ ఎత్తు పిల్లల కళ్లకు సరిగ్గా ఎదురుగా వస్తుంది.

## పెట్టిన తర్వాత

ఇత్తడి నల్లబడింది. పాలిష్ పెట్టాలా?

పెట్టకండి. రుద్దినకొద్దీ గీతల్లో నింపిన రంగు పోతుంది, అంచులు అరుగుతాయి, మెరుపు వల్ల నీడా కనిపించదు. నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. పక్షుల రెట్టలు మాత్రం ఎండిపోకముందే కడగండి.

వేరే ఊరికి మారుతున్నాం. వెంట తీసుకెళ్లొచ్చా?

అదే దేశంలో ఒకటి రెండు డిగ్రీల అక్షాంశం తేడా అయితే పలకను ఆ మేరకు వాలుగా పెట్టి వాడుకోవచ్చు. వాలు కంటికి తెలియదు. రేఖాంశం తేడా నిమిషాల పట్టికలో సరిచేయించాలి. గీతల్లోనే రేఖాంశం కలిపేసి ఉంటే కొత్త ఊళ్లో ఆ పాత సవరణను తీసివేసి లెక్కించాలి. భూమధ్యరేఖ దాటి దక్షిణార్ధగోళానికి వెళ్తే బల్లపరుపు పలక పనికిరాదు, అక్కడ ముల్లు దక్షిణం వైపు చూస్తుంది, గంటలు ఎడమ దిశగా తిరుగుతాయి. గోడ మీది గడియారం ఆ గోడకే సొంతం, ముల్లు తప్ప ఇంకేమీ తీసుకెళ్లలేరు.

పక్కన కొత్త బిల్డింగ్ లేచి సాయంత్రం ఎండ పోయింది. ఇప్పుడేం చేయాలి?

బల్లపరుపు రకమో, పట్టీ రకమో అయితే దిమ్మెతో సహా ఎండ ఉన్న మూలకు జరపండి. అదే ఊళ్లో ఎక్కడ పెట్టినా గీతలు మారవు. ఉత్తర దక్షిణాలు మళ్లీ కొలిచి, మట్టం చూసి బిగిస్తే చాలు. జరపడానికి వీలు లేకపోతే మిగిలిన గంటలకే వాడుకోవాలి. చెట్టు కొమ్మలైతే కొట్టించొచ్చు, కానీ ముందు డిసెంబరులో ఒకసారి చూసి, ఏ కొమ్మ అడ్డమో గుర్తు పెట్టుకుని ఆ ఒక్కదాన్నే కొట్టించండి.